కుడి భుజం నొక్కితే పెంచాలి

“ఆఖరి చరణంల డోలు నెత్తినెక్కి కూసుందే. వచ్చినంక దించుదాం, యాది చెయ్యి.”

“నీ డోలు ఏడికీ పోదు తియ్. ముందు బస్సు పోతది, నడువు.”

నాకూ మా ఇంటాయనకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. పాల్వంచ కాలనీలో ఎవరిదో పెళ్లి. మైకు సెట్టు చూసుకోవాలని పొద్దున్నే బయల్దేరాడు. బస్సు మణుగూరు చేరకముందే, కిటికీకి తల ఆనించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. టికెట్టు కోసం కండక్టరు భుజం తట్టాడట. భుజం మీద చెయ్యి పడ్డా ఆయన పలకకపోవడం అదే మొదటిసారి. ఆ మాట ఎందుకంటున్నానో చెప్తాను.

ఇంట్లో చిన్న స్టూడియోలు పెట్టుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, పాట సర్దే మెషిన్, అదే కంట్రోలర్, ఏది కొనాలి, శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ పైకీ కిందికీ జరిపే మీటలు, అవే ఫేడర్లు, దానికి ఎన్ని ఉండాలి అని నన్ను అడుగుతుంటారు. ముసలిదాన్ని అడిగే మాటేనా అది? అయినా ఒకసారి కొని దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. నాకు రాయడం రాదు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంకెలు తెలుసు, సంతకం పెడతాను. నేను చెప్తుంటే మా మరిది బిడ్డ రాస్తోంది. నా మాట ఉన్నదున్నట్టు పెట్టకు, పుస్తకంలో పెట్టే మాట పెట్టు అన్నాను. నవ్వింది కానీ పెడుతోంది.

పినపాక దగ్గర మా ఇంటి వెనక గదిలో ఒకప్పుడు పత్తి పోసేవాళ్లం. ఆయన మైకు సెట్టు పని మీద తిరిగి తిరిగి, చివరికి ఆ గదిలోనే రికార్డింగు పెట్టాడు. గోడలకు పత్తి కుక్కిన గోనె సంచులు, వాటి మీద మా అమ్మ కుట్టిన బొంతలు. గుడి భజనలు, పెళ్లిపాటలు, ఎన్నికలొస్తే ఆటోల మీద అరిచే అరుపులు, అన్నీ అక్కడే పుట్టేవి. ఎండాకాలం తలుపు మూస్తే లోపల ఇటుకల బట్టీ.

ఆయన కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చునేవాడు, నేను వెనక నిలబడేదాన్ని. ఆయన కళ్లు తెర మీద, నా చెవులు స్పీకర్ల మీద. పాట నడుస్తుంటే మాట్లాడకూడదు కదా, అందుకని నా రెండు చేతులూ ఆయన భుజాల మీద ఉండేవి. కుడి భుజం నొక్కితే పెంచాలి. ఎడమ భుజం నొక్కితే తగ్గించాలి. గట్టిగా నొక్కితే ఎక్కువ, మెల్లగా నొక్కితే కొంచెం. రెండు చేతులూ తీసేశానంటే బాగుందని. అప్పుడు ఆయన గొంతు మీద పని చేస్తుంటే గొంతు, డోలు మీద చేస్తుంటే డోలు. మౌస్‌తో ఎంత పెంచాడో, ఎక్కడ తగ్గించాడో అంతా ఆ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ తెర మీద గీతలా గీసి గుర్తుపెట్టుకునేది. మళ్లీ పాట పెడితే తెర మీద ఫేడర్ బొమ్మ తనంతట తానే ఎక్కుతూ దిగుతూ ఉండేది. ఆ కంప్యూటర్ను నేను ఒక్కనాడూ ముట్టలేదు. ముట్టాల్సిన పని రాలేదు.

ఆఖరుగా మేం పట్టిన పాట ఒక అవ్వది. అడవి అంచున గూడెంలో ఉంటుంది. కొత్త చిక్కుళ్ల పండుగకు వాళ్ల గూడెంలో ఆ అవ్వ పాడిన తర్వాతే చిక్కుళ్లు పొయ్యెక్కుతాయి, అంతదాకా ఎవరూ నోట పెట్టరు. అవ్వ పాట పోకుండా దాచుకోవాలని వాళ్ల బిడ్డ పట్టుబట్టి తీసుకొచ్చింది. అవ్వ పాడింది, వాళ్ల మనుషులే డోలు కొట్టారు. పాడటం అయిపోయాక విందామని లోపలికొచ్చి, నేను ఆయన భుజాలు నొక్కడం చూసి అవ్వ పడీపడీ నవ్వింది.

“ఏందే, మొగుణ్ణి ఎడ్లను తోలినట్టు తోలుతున్నవ్?”

ఆయన వెనక్కి తిరగకుండానే, ముల్లుగర్ర లేదు సంతోషం అవ్వా అన్నాడు. కుడి ఏంది, ఎడమ ఏంది అని అవ్వ అడిగి మరీ తెలుసుకుంది.

మూడు చరణాలు సరిచేశాం. ఆఖరిది మిగిలింది. ఆ మర్నాడే ఆయన పాల్వంచ బస్సెక్కాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. భద్రాచలం దవాఖానాలో ఉంచితే ప్రాణం నిలబడింది కానీ గొంతు మాత్రం తిరిగి రాలేదు. అవ్వ బిడ్డ మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఈసారి పండుగకు అవ్వ పాట స్పీకర్ పెట్టెలో నుంచే వినపడాలి అక్కా అంది. ఖమ్మంలో పెద్ద స్టూడియో వాళ్లను అడిగిందట. చేసిస్తాం కానీ మొదటి నుంచి మా పద్ధతిలో చేస్తాం అన్నారట.

మొదటి నుంచి అంటే, ఆయన చేసిన మూడు చరణాలూ పోయినట్టే.  పండుగ ముందు రోజు వరకు నాకియ్యి, నేను చేస్తా అన్నాను. అన్నానే గానీ, చెయ్యడం అంటే ఏమిటో నాకు తెలిస్తే కదా.

మణుగూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసే మా మరిది బిడ్డను, ఇది రాస్తున్న ఈ పిల్లనే, పిలిపించాను. అది తెర మీద పాట తెరిచింది, మౌస్ నా చేతికిచ్చింది. నేను ఒక పక్కకు జరిపితే బాణం ఇంకో పక్కకు పోతుంది. ఫేడర్ బొమ్మ చూస్తే చీమ తలంత. చుట్టూ ఇంగ్లీషు. నేను చెప్తా నువ్వు జరుపు అని దాన్ని కూర్చోబెట్టి భుజాలు నొక్కి చూశాను. దానికి చక్కిలిగింతలు. నొక్కిన ప్రతిసారీ వంకర్లు తిరుగుతూ నవ్వుతుంది, పాట అటు పోతుంది. సరే, చేత్తో పట్టుకుని జరిపే ఫేడర్లున్న మెషిన్ ఏదో ఉంటుందట, దాన్ని కొందాం అనుకున్నాం.

ఖమ్మంలో షాపాయన నెమ్మదస్తుడు. ముందు ఆ కంప్యూటర్ పట్టుకురమ్మని, కలిపి చూసి తీసుకోమని చెప్పాడు. బస్సులో కంప్యూటర్ తేవడానికి నాకు ధైర్యం లేదు, దారిలో దానికేమన్నా అయితే? అప్పటికే నా కళ్లు ఒక మెషిన్ మీద పడ్డాయి. వరసగా ఎనిమిది ఫేడర్లు, వాటి కింద రంగురంగుల లైట్లు. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంది. పైకి తోస్తే పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది, చదువుతో పనిలేదు. ఇదే కావాలన్నాను.

“అమ్మా, దీంట్ల మోటర్ లేదు. మోటర్ ఉన్నది చూస్తవా?” అన్నాడాయన.

“చేత్తోనే జరుపుత గద. మోటర్ నాకెందుకయ్యా, బాయికి పెట్టనా?”

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే, పాల్వంచ దగ్గర పొగ గొట్టాలు కనపడ్డప్పుడు కూడా నాకు భయం వెయ్యలేదు. ఆయన పోయాక ఆ దారిలో భయం లేకుండా ప్రయాణం చేసింది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చి తగిలించాం. పాట పెట్టింది పిల్ల. అవ్వ గొంతు వచ్చింది, వెనక ఆయన సర్దిన డోలు వచ్చింది. నేను మెల్లగా వేలు పెట్టి ఫేడర్ను వెంట్రుకవాసి కదిపాను. అంతే. డోలు ఒక్కసారి పాతాళంలో పడ్డట్టు మాయమైంది. నేను ఉలిక్కిపడి పైకి తోశాను, పిడుగు పడ్డట్టు లేచింది. పిల్ల గబగబా పాట ఆపి, ఏవో మీటలు నొక్కి వెనక్కి తిప్పింది. పోయింది తిరిగొచ్చింది. కానీ నా గుండె తిరిగి రావడానికి ఆ పూటంతా పట్టింది. ఆయన చెయ్యి నడిచిన దారిని గునపంతో తవ్వినట్టనిపించింది. రెండు చేతులూ చీర చెంగులో చుట్టుకుని కూర్చున్నాను.

షాపాయనకు ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్పాడు.

“మెషిన్ మీద ఫేడర్ ఒకకాడ ఉంది, కంప్యూటర్‌ల ఇంకోకాడ ఉంది. నువ్ ముట్టంగనే కంప్యూటర్ నీ కాడికి దుంకింది. మోటర్ ఉంటే ఫేడరే దాని కాడికి పోయి నిలవడతది. గందుకే అడిగిన గదమ్మా.”

మన చేతి కింది ఫేడర్ తను ఉన్న చోటికి వచ్చేదాకా కంప్యూటర్ ఆగి చూసేటట్టు పెట్టుకోవచ్చు అని కూడా చెప్పాడు. పిల్ల రెండు పూటలు కుస్తీ పట్టినా మా సాఫ్ట్‌వేర్‌తో అది కుదరలేదు. మార్చుకోవడానికి మళ్లీ ఖమ్మం వెళ్లాం. మోటరున్న వాటిలో మా సాఫ్ట్‌వేర్‌తో కలిసేది ఒకటే ఉంది, అదీ ఎవరో వాడి ఇచ్చేసినది. దానికి ఉన్నది ఒకే ఒక్క ఫేడర్. ఎనిమిది నుంచి ఒకటికి దిగాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. పిల్లే నన్ను పక్కకు లాగింది.

“పెద్దమ్మా, పెదనాయినకు ఎనిమిది భుజాలున్నయా ఏంది? నువ్ ఒకసారికి ఒకటే గద నొక్కింది.”

ఎనిమిది ఫేడర్లది అక్కడే ఇచ్చేసి ఒక్క ఫేడర్‌ది తెచ్చుకున్నాను.

ఆ మెషిన్ తగిలించి మొదటిసారి పాట పెట్టిన రోజు మర్చిపోలేను. ఫేడర్ తనంతట తానే కదిలింది. అవ్వ ఊపిరి పీల్చుకునే చోట డోలును ఎక్కించి, మళ్లీ అవ్వ మాట అందుకోగానే దించుతోంది. తొందర లేకుండా, ఆయన తలుపు గడియ పెట్టేటప్పుడు ఎంత మెల్లగా పెడతాడో అట్లా. పాల తోడు కోసం వచ్చిన పక్కింటామె గుమ్మంలో నిలబడి అది చూసి, గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. చాలా రోజులు ఇటు రాలేదు. నాకు భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ భయం వేరు. ముట్టుకుంటే ఆగిపోతుంది, మెషిన్‌కు వేలు తగిలితే పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. అందుకని వేలు దానికి కాస్త ఎడంగా పట్టుకుని, అది ఎటు పోతే అటు పోయేదాన్ని. అట్లా మూడు చరణాలు. నాలుగో దాని ముందు ఫేడర్ ఆగేది. అక్కడి నుంచి నాది. పిల్ల సెలవు పెట్టుకుని వచ్చినప్పుడల్లా అభ్యాసం చేశాం. ఆఖరి చరణంలో డోలును నేను సరిగ్గా దించగలిగిన రోజున కూడా, ఇది కాదు, అవ్వ వచ్చి విన్నప్పుడు చేసిందే దాచుదాం అన్నాను. ఆయన పద్ధతి అది. పాడినవాళ్లు పక్కన లేకుండా పాట మూసేవాడు కాదు.

ఈలోగా దసరా వచ్చింది. ఆయన ఉన్నప్పుడు ప్రతి దసరాకూ మైకులకూ స్పీకర్లకూ పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్లం. మొగుడు పోయినదాన్ని, నేను బొట్టు పెడితే వాడలో పది మాటలు. మాటల కంటే, ఆ పాట తేలే ముందు ఏ చిన్న అపశకునమూ నాకొద్దనిపించింది. పిల్లను పెట్టమన్నాను. అది మనసారా పెట్టింది. ఫేడర్ నెత్తిన తడి పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, పైనుంచి ఇంకో చిటికెడు పొడి కుంకుమ చల్లి దండం పెట్టుకుంది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు కదపం. తెల్లారి పిల్ల మణుగూరు వెళ్లిపోయింది. అది లేకుండా నేను కంప్యూటర్ తెరవను. పసుపు ఎండిపోయింది, కుంకుమ ఫేడర్ నడిచే సందులోకి దిగిపోయింది. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

చిక్కుళ్ల పండుగ ముందు రోజు పిల్ల మళ్లీ వచ్చింది, ఆటోలో అవ్వనూ, ఆమె బిడ్డనూ తీసుకొచ్చారు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టాం. నోరు ఒక పక్కకు గుంజింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆమెది, మిగతాదంతా ఎవరిదో మోసుకొచ్చినట్టుంది. ఆ చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. సాయంత్రం దాకా చూద్దాం అక్కా, కాకపోతే ఖమ్మం పోయే బండి ఆపి ఉంచిన అంది బిడ్డ. మంచి మనిషి, తప్పు పట్టడానికి లేదు.

పాట పెట్టింది పిల్ల. మొదటి చరణం బాగా నడిచింది. అవ్వ తన గొంతు తాను వింటూ కళ్లు మూసుకుంది. రెండో చరణంలో ఫేడర్ ఎక్కబోయి కిర్రుమంది. సగంలో ఆగి గిజగిజలాడింది. డోలు ఎక్కడిదక్కడే నిలిచిపోయింది.

“పెద్దమ్మా, చెయ్యి తియ్యి.”

“నా చెయ్యి నా ఒళ్లెనే ఉందే.”

“నువ్ ముట్టినవనే అనుకుంటుంది అది. పెదనాయిన గీత చెరిపేస్తుంది.”

 పిల్ల పాట ఆపి, వైరు పీకి, దాచమంటావా అని కంప్యూటర్ అడిగితే వద్దని చెప్పి మూసేసింది. మళ్లీ తెరిచింది. మా కంప్యూటర్ పాతది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.  నేను గోడకున్న బొంత అంచు పట్టుకుని నిలబడ్డాను. గీతలు వచ్చాయి. మూడు చరణాల్లోనూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

పాత టూత్‌బ్రష్‌తో సందు ఊడ్చితే ఎర్రగా పచ్చగా పొడి రాలింది. అది చూసి పిల్ల ఏడ్చింది.

“ఏడ్వకు బిడ్డా. దేవునికి గూడ తెల్వదు దాంట్ల మోటర్ ఉన్నదని.”

అవ్వ ఒక్కటే నవ్వింది, సగం మూతితో.

తుడిచాక ఫేడర్ చేత్తో జరిపితే జరుగుతోంది కానీ మోటరు మాత్రం లేవలేదు. అంటే మళ్లీ పాత కథే, ముట్టగానే డోలు ఎక్కడికి దుముకుతుందో తెలియదు. షాపాయనకు ఫోన్ కలపలేదు, కలిపినా చెప్పేది తెలుసు. మొదటి మూడు చరణాలకు మెషిన్‌తో పనిలేదు, కంప్యూటరే నడుపుకుంటుంది. నాలుగోది మొదలయ్యే చోట మాత్రం ఫేడర్ సరిగ్గా ఆయన వదిలిన స్థానంలో ఉండాలి. పిల్ల తెర మీద చూసి, కొలిచి, తన నుదుటి స్టికర్ బొట్టు తీసి ఆ స్థానంలో సందు పక్కన అంటించింది. ఫేడర్ను బొట్టు దాకా తెచ్చి పెట్టుకో, నేను అనంగనే పట్టుకో అంది.

అంతదాకా ఆయన కుర్చీలో నేను కూర్చోలేదు, స్టూలు వేసుకుని పక్కన కూర్చునేదాన్ని. పక్క నుంచి వింటే ఒక స్పీకరే ఎక్కువ వినపడుతుంది. ఇది తప్పిపోతే మళ్లీ సరిచేసుకోవడానికి ఆ మెషిన్ ఎంతసేపు ఉంటుందో తెలియదు. వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. అవ్వ కుర్చీని జరిపి నా వెనక వేశారు.

పాట మొదలైంది. మూడు చరణాలు తెర మీద ఆయన నడిపాడు. పిల్ల పట్టుకో అంది. పట్టుకున్నాను. డోలు దుమకలేదు. అప్పుడు నా ఎడమ భుజం మీద అవ్వ చెయ్యి పడింది. ఆసరాకు వేసింది అనుకున్నాను. ఆయన చెప్పినట్టే ఫేడర్ను కిందికి లాగాను. డోలు తగ్గింది, అవ్వ గొంతు ఒంటరిగా పైకి తేలింది. బాగుంది, నేను ఎన్నో రోజులు అభ్యాసం చేసింది అదే. యాది చెయ్యి అన్నాడు, చేశాను అనుకున్నాను.

నా ఎడమ భుజం మీది చెయ్యి లేచింది. అవ్వ ముందుకు వంగిన చప్పుడు. ఆ చెయ్యి నా వీపు మీదుగా పాక్కుంటూ, నా కుడి భుజం దాకా వచ్చి నొక్కింది.

ఆమెకున్నది ఒక్క ఎడమ చెయ్యి. ఎడమ భుజం దగ్గరే ఉంది. అది వదిలి అంత దూరం చాచి నొక్కిందంటే పొరపాటున కాదు. నేను కదలలేదు. మళ్లీ నొక్కింది, గట్టిగా, గోళ్లు దిగేటట్టు. పాట నడిచిపోతోంది. ఆగితే చరణం పోతుంది. ఒక చెవిలో ఆయన మాట, భుజం మీద అవ్వ చెయ్యి. 

పైకి తోశాను. డోలు మళ్లీ లేచింది. ఇంకా నొక్కుతూనే ఉంది, ఇంకా తోశాను. నెత్తినెక్కి కూర్చుంది డోలు. అప్పుడు అవ్వ చెయ్యి తీసేసింది. భుజం ఖాళీ అయింది. బాగుందని.

పాట ఆగాక ఆమె బిడ్డ, అక్కడ గొంతు కాదక్కా, అందరూ లేచి ఆడతరు, డోలు లేకుంటే కాళ్లు లేవవు అంది. పిల్ల నా మొహం చూసింది. దాచు అన్నాను. అదే దాచింది. ఆ సాయంత్రం ఖమ్మం బండి ఖాళీగా పోయింది.

మర్నాడు గూడెం వెళ్లాను. పెట్టెలో నుంచి పాట వచ్చింది. ఆఖరి చరణం దగ్గర పడుతుంటే నాకు లేచి వచ్చేద్దామనిపించింది. డోలు ఎక్కింది. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని లేచారు. అవ్వ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో మోకాలు మీద దరువేస్తోంది. ఆ తర్వాత చిక్కుళ్లు ఉడికాయి, నాకూ ఆకులో పెట్టారు. తిన్నాను కానీ రుచి తెలియలేదు. ఆయన వింటే ఒప్పుకునేవాడా, ఏమే చెప్పింది మర్చిపోయినవా అనేవాడా, అదే ఆలోచన. ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి పిల్లలూ, ఎన్ని ఫేడర్లు అని నన్నడిగితే ఒకటి చాలంటాను. ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తుంటే పట్టుకునేవాళ్లకు ఎనిమిది కావాలేమో, నాకు తెలియదు. ఇదివరకే కొంత సర్దిన పాట మీద పని చెయ్యాలంటే మోటరున్నది కొనండి. కంప్యూటర్ను షాపుకు మోసుకుపోండి, బరువైనా సరే. దసరాకు బొట్టు పెట్టండి, ఫేడర్ మీద కాదు, డబ్బా మీద పెట్టండి. ఆ మెషిన్ మోటరు బాగుచేయించుకున్నాను, స్టికర్ బొట్టు మాత్రం తీయలేదు. ఇప్పుడు పాట ఎవరిదైతే వాళ్లను వెనక కూర్చోబెట్టి, చెయ్యి నా భుజం మీద వెయ్యమంటున్నాను. కొందరు సిగ్గుపడతారు.

ఇంతే. రాసినవా బిడ్డా? ఏదీ, మొదటిసంది చదువు, వింట. మీ పెదనాయిన మాట కాడ మాత్రం జల్దీ చదవకు.